కొండ జిల్లాల్లో వ్యాపారం, పరిశ్రమ: కొరాపుట్, రాయగడ, గజపతి తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

దక్షిణ ఒడిశాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల నుంచి మా సంఘానికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. పిల్లలు చదువు ముగించాక ఈ కొండ ఊళ్లలోనే ఉండి ఏదైనా వ్యాపారమో చిన్న పరిశ్రమో పెట్టుకోగలరా, లేక విశాఖకో హైదరాబాదుకో పంపక తప్పదా? చాలా ఇళ్లలో పిల్లలు ఇప్పటికే వెళ్లిపోయారు, పెద్దవాళ్లు మిగిలారు. తాత పెట్టిన దుకాణాన్ని చూసుకునే మనిషి లేక షట్టరు దించిన వాళ్లూ ఉన్నారు. పిల్లలు లేని చోట తెలుగు బడి నిలవదు, తెలుగు బడి లేని చోట సంఘం బోర్డు ఒక్కటే మిగులుతుంది. కనుక ఇది ఒక్క ఉపాధికి సంబంధించిన ప్రశ్న అని మేము అనుకోవడం లేదు.

ఈ కొండలకు ఏ పరిశ్రమలు వచ్చాయి, వాటిలో ఏది ఏం మిగిల్చింది, చట్టం ఏమంటుంది, ప్రభుత్వ పథకాల్లో మనకు వర్తించేవి ఏవి అన్న విషయాలను ఒకచోట చేర్చి ఇక్కడ ఇస్తున్నాం. దాచుకుని అవసరమైనప్పుడు చూసుకునేందుకు వీలుగా విభాగాలుగా రాశాం. మా అభిప్రాయం ముందే చెబుతాం. కొండలో పండిన సరుకుకు విలువ పెంచే పని కొండలోనే జరిగితే ఊరు నిలుస్తుంది. సరుకు పచ్చిగా ఘాట్ దిగిపోతే రోడ్డు ఎంత బాగున్నా ఊరికి మిగిలేది తక్కువ.

ప్రాంతం, పాత సంబంధం

ఇప్పటి కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం ఒడిశాలోకి వెళ్లింది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, పట్టణం ఒడిశా వైపు ఉండిపోయింది. 1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లా నాలుగు జిల్లాలైంది. గంజాం జిల్లా నుంచి గజపతి జిల్లా కూడా అదే రోజు విడిపోయింది.

సరిహద్దు గీసినా బేరం ఆగలేదు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, విజయనగరం నుంచి ఉప్పు, బట్ట, ఎండుచేప పైకి వెళ్లేవి. చింతపండు, పసుపు, వలిసెలు, అడ్డాకులు, కొండచీపుర్లు కిందికి దిగేవి. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డు ఈ బేరానికి వెన్నెముక. లారీలకు సాలూరు పేరుపడడానికి ఈ దారి ఒక ముఖ్య కారణం. మన కుటుంబాల్లో చాలావాటి చరిత్ర ఈ రోడ్డు మీదే మొదలవుతుంది.

ఆ బేరం స్వభావం కూడా చెప్పుకోవాలి. సంతలో కావిడి దించిన గిరిజనుడి సరుకు కొని మైదానంలో అమ్మడం ఒక భాగం. పంటకు ముందే బయానా ఇచ్చి, తామే చెప్పిన ధరకు సరుకు తీసుకోవడం మరో భాగం. అందరు షావుకార్లూ ఒక్కలా చేయలేదు. అయినా ‘తెలుగు షావుకారు’ అన్న మాటకు కొండ గ్రామాల్లో ఇప్పటికీ రెండు అర్థాలున్నాయి. ఇక ముందు పెట్టే ఏ వ్యాపారానికైనా నమ్మకం సంపాదించడం మొదటి పెట్టుబడి అని ఇందువల్లే అంటున్నాం.

పెద్ద పరిశ్రమలు ఏం తెచ్చాయి

ఈ ప్రాంతానికి పెద్ద పరిశ్రమలు రాలేదనడం సరికాదు. రాయగడ దగ్గర జేకేపూర్‌లో 1960 దశకం నుంచి కాగితం మిల్లు నడుస్తోంది. తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉంది. సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది. 1981లో ఏర్పడిన నాల్కోకు పంచపట్మలి కొండ మీద బాక్సైట్ గని, దమన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉన్నాయి. కాశీపూర్ ప్రాంతంలో ఉత్కళ్ అల్యూమినా ఉంది. వీటి వల్ల ఉద్యోగాలు, కాలనీలు, బడులు, ఆసుపత్రులు వచ్చాయి. మన పిల్లలలో కొందరు వాటిలోనే పనిచేసి రిటైరయ్యారు.

అయితే సరుకు దారి చూడండి. పంచపట్మలి బాక్సైట్ దమన్‌జోడిలో అల్యూమినా అవుతుంది. అక్కడి నుంచి కొంత అంగుల్‌లోని స్మెల్టరుకు, కొంత విశాఖ రేవు ద్వారా విదేశాలకు పోతుంది. అల్యూమినియం పాత్ర, తీగ, రేకు తయారయ్యే ఫ్యాక్టరీలు వరసగా ఈ కొండల్లో వెలిసిన దాఖలా లేదు. 1960 దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సంగతి కూడా ఇంతే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేసేందుకు విశాఖకు చేర్చడం దాని మొదటి పని. దారిలోని ఊళ్లకు స్టేషన్లు వచ్చాయి, ఖనిజం మాత్రం ఆగకుండా పోయింది.

కాగితం మిల్లు కొంత వేరు. కలప కోసం చుట్టుపక్కల రైతుల చేత యూకలిప్టస్, సుబాబుల్, సరుగుడు తోటలు పెంచే పద్ధతి రావడంతో ఫ్యాక్టరీ గేటు లోపల ఉద్యోగం లేనివాడికి కూడా దానితో సంబంధం ఏర్పడింది. నర్సరీ, నరికే కూలీ, రవాణా అన్నీ ఇక్కడివే. ఒక పెద్ద పరిశ్రమ వస్తుందన్నప్పుడు ఎన్ని వేల కోట్లు అని అడుగుతాం. దాని చుట్టూ ఇక్కడి మనిషి అమ్మగలిగినది ఏమిటి అని కూడా అడగాలి.

ఊరి ఒప్పుదల లేకుండా వచ్చిన పరిశ్రమ ఎంత ఆలస్యమవుతుందో ఈ ప్రాంతం చూసింది. కాశీపూర్ వైపు భూసేకరణ వివాదంలో 2000 డిసెంబరులో మైకంచ్ గ్రామం వద్ద పోలీసు కాల్పుల్లో ముగ్గురు గిరిజనులు చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టడానికి ఆ తరువాత పదేళ్లకు పైగా పట్టింది. నియమగిరి బాక్సైట్ విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ గని వద్దన్నాయి. ఏ పక్షం వారైనా ఈ రెండు సంగతుల నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభను చివరి సంతకంగా చూడకూడదు, మొదటి మాట అక్కడే మొదలవ్వాలి.

రాయితీ ఇస్తే పరిశ్రమ కొండ ఎక్కుతుందా

‘పన్ను మాఫీ చేస్తే ఫ్యాక్టరీలు అవే వస్తాయి’ అనే మాట మన సమావేశాల్లో తరచు వినిపిస్తుంది. దీనికి మంచి పరీక్ష హిమాలయ రాష్ట్రాల్లో జరిగింది. 2003 జనవరిలో కేంద్రం హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లకు ప్రత్యేక పారిశ్రామిక ప్యాకేజీ ప్రకటించింది. కొత్త యూనిట్లకు పదేళ్లు ఎక్సైజ్ సుంకం మినహాయింపు, మొదటి ఐదేళ్లు ఆదాయపు పన్ను పూర్తి మినహాయింపు అందులో ముఖ్యమైనవి.

ఫ్యాక్టరీలు నిజంగానే వచ్చాయి. హిమాచల్‌లో బద్ది మందుల తయారీకి దేశంలోనే పెద్ద కేంద్రమైంది. ఉత్తరాఖండ్‌లో హరిద్వార్, రుద్రపూర్, పంత్‌నగర్ పారిశ్రామిక వాడలు నిండిపోయాయి. మ్యాపులో ఈ ఊళ్లను వెతికితే అన్నీ కొండ పాదాన, మైదానం అంచునే కనిపిస్తాయి. రాయితీ కొండ రాష్ట్రం పేరు మీద వచ్చింది, షెడ్డు చదును నేల మీద లేచింది. పైనున్న పౌరీ, అల్మోడా జిల్లాల నుంచి యువకులు వలస పోతూనే ఉన్నారు. 2001, 2011 జనాభా లెక్కల మధ్య ఆ రెండు జిల్లాల జనాభా తగ్గింది కూడా.

ఎక్కడైనా అమ్ముడయ్యే వస్తువును ఎక్కడైనా తయారు చేయవచ్చు అనుకుంటే, యజమాని రోడ్డు, కరెంటు, నీరు, పనివాళ్లు సులభంగా దొరికే చోటునే ఎంచుకుంటాడు. కొండ మీదికి అతన్ని రప్పించేది కొండలోనే దొరికే సరుకు, లేదా కొండకు మాత్రమే ఉన్న పేరు. ఇంజనీరు తన కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఒక బడి, రాత్రి పన్నెండుకు కూడా డాక్టరుండే ఆసుపత్రి కావాలి. రాయితీ వీటి తరువాత వచ్చే విషయం.

బరువు లెక్క: ఏ పని ఎక్కడ చేయాలి

ఏ పని కొండలో పెడితే నిలుస్తుందో తేల్చడానికి సులువైన లెక్క ఉంది. శుద్ధి చేస్తే బాగా బరువు తగ్గే సరుకును పండిన చోటే శుద్ధి చేయడం లాభం.

చింతకాయలో గుజ్జు సుమారు 55 శాతం, గింజ 34 శాతం, మిగిలింది పెంకు, పీచు. అంటే కాయలనే లారీకెత్తితే దాదాపు సగం బాడుగ పెంకుకు, గింజకు కడుతున్నట్టే. పచ్చి పసుపు నాలుగైదు కిలోలు ఉడికించి ఎండబెడితే ఒక కిలో ఎండు పసుపు వస్తుంది. అల్లం ఎండబెట్టి శొంఠి చేస్తే కూడా దాదాపు అంతే. కాఫీ పండ్లు సుమారు ఆరు కిలోలు ఒలిచి ఆరబెడితే కిలో గింజలు. ముడి జీడిపిక్కలు నాలుగు కిలోలకు పప్పు ఒక కిలో.

జీడి సంగతి మనవాళ్లకు బాగా తెలుసు. గజపతి, రాయగడ తోటల పిక్క శ్రీకాకుళం జిల్లా పలాసకు చేరుతుంది. పలాస ఎదిగింది ఒక్క పెద్ద ఫ్యాక్టరీతో కాదు. కాల్చేవారు, పగలగొట్టేవారు, పొర తీసేవారు, గ్రేడు చేసేవారు, డబ్బాల్లో నింపేవారు, అందరూ పక్కపక్క వీధుల్లో ఉన్నందువల్ల ఎదిగింది. యంత్రం పాడైతే బాగుచేసే మేస్త్రీ అదే ఊళ్లో ఉంటాడు. కొనుగోలుదారు ఒక్కసారి వస్తే పది చోట్ల బేరం చూసుకుంటాడు. గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్ యువకులు ఈ పని నేర్చుకోవడానికి దూరం వెళ్లక్కరలేదు, పలాసలో కొన్నాళ్లు ఉంటే చాలు.

త్వరగా పాడయ్యే సరుకు కూడా కొండను విడిచిపోదు. తమిళనాడులోని మన పాఠకులకు నీలగిరి తేయాకు తెలిసిన ఉదాహరణ. కోసిన ఆకు అదే రోజు ఫ్యాక్టరీకి చేరాలి కనుక తేయాకు ఫ్యాక్టరీలు కొండ దిగలేదు. చిన్న రైతుల సహకార ఫ్యాక్టరీల సమాఖ్య అయిన ఇండ్‌కోసర్వ్ 1965 నుంచి అక్కడ ఉంది. పచ్చి ఆకు ధర పడిపోయిన ఏళ్లలో నీలగిరి చిన్న రైతులు చాలా నష్టపోయారన్నదీ నిజమే. ఫ్యాక్టరీ దగ్గర ఉంటే చాలదు, ధరలో రైతుకు మాట కూడా ఉండాలి.

కొత్త రోడ్లు వస్తున్న ఈ కాలంలో ఈ లెక్క మరీ అవసరం. రాయ్‌పూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి దాదాపు 464 కిలోమీటర్ల పొడవున ఛత్తీస్‌గఢ్ నుంచి నవరంగపూర్, కొరాపుట్ జిల్లాల మీదుగా వస్తోంది. రాయగడ రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. రోడ్డు బాగుపడితే విశాఖ బిస్కెట్టు, నూనె ప్యాకెట్టు ఇంకా చవగ్గా కొండ ఎక్కుతాయి. పచ్చి అల్లం ఇంకా వేగంగా కొండ దిగుతుంది. దారి పక్కన ఆరబెట్టే యార్డు, గ్రేడింగు షెడ్డు, చల్లని గిడ్డంగి ముందే ఉన్న ఊరికే రోడ్డు మేలు చేస్తుంది.

అరకు కాఫీ చెప్పే పాఠం

మన కళ్ల ముందే పెరిగిన ఉదాహరణ అరకు కాఫీ. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన రైతులు కొండవాలున సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, చెట్ల మీద మిరియం వేశారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలుకు దిగింది. నాంది ఫౌండేషన్ సాయంతో రైతుల పరస్పర సహకార సంఘం 2007లో ఏర్పడింది. 2017లో అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. 2019 మార్చిలో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖ కొండలతో పాటు ఒడిశా వైపు ప్రాంతం కూడా ఆ గుర్తింపు పరిధిలో ఉందని మన పాఠకులు గమనించాలి.

కొరాపుట్‌లో కాఫీ కొత్తది కాదు. 1930 ప్రాంతంలో జయపురం మహారాజా వారు తోట వేయించారు. 1958లో మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి ప్రభుత్వ భూసంరక్షణ శాఖ కాఫీ నాటించింది. ఇటీవల ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థ రైతుల నుంచి పండ్లు కొని, ‘కొరాపుట్ కాఫీ’ పేరుతో అమ్ముతోంది. కొండకు ఇటు, అటు ఒకే నేల, ఒకే ఎత్తు, ఒకే రకం మొక్క. అరకు పేరు మాత్రం ముందు ప్రపంచానికి తెలిసింది.

తేడా ఎక్కడ వచ్చింది? మొదటిది, ఎర్రగా పండిన పండునే కోయడం, అదే రోజు ఒలవడం, మట్టి అంటకుండా ఆరబెట్టడం. ఈ మూడు పద్ధతులు ఇంటింటికీ నేర్పారు. రెండోది, నాణ్యతకు వేరే ధర ఇచ్చారు. మంచి పండుకూ పచ్చి పండుకూ ఒకే ధర ఇస్తే ఎవరూ ఏరికోయరు. మూడోది, ఏళ్ల తరబడి కొనేవాడు మారకుండా ఉన్నాడు. ఈ మూడింటిలో ఏదీ భారీ పెట్టుబడి అడగదు. ఓర్పు, ఖచ్చితమైన తూకం, చెప్పిన రోజుకు చెల్లింపు చాలు.

మన జిల్లాలకున్న పేర్లు

కొండ సరుకుకు పేరు ఉంటే ధర వస్తుంది. ఆ పేర్లు మనకు ఇప్పటికే ఉన్నాయి. కోట్‌పాడ్ చేనేతకు 2005లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. కొరాపుట్ కాలజీరా బియ్యం, డొంగ్రియా కొంధుల కపడాగండా శాలువా, లాంజియా సవరల చిత్రాలు 2024 జనవరిలో గుర్తింపు పొందాయి. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానంగా గుర్తించింది. జయపురం దగ్గరి గ్రామానికి చెందిన కమలా పూజారి నాటు వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు.

చోళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక, పేదల తిండి అని పక్కన పెట్టిన పంటకు మద్దతు ధర, కొనుగోలు కేంద్రం వచ్చాయి. 2025-26కు క్వింటాలు మద్దతు ధర రూ. 4,886. కొనుగోలుతో పని ముగియదు. రాయి ఏరే యంత్రం, పొట్టు తీసే మిల్లు, పిండి, మాల్ట్, బిస్కెట్ వరకు చిన్న యూనిట్లకు చోటుంది. నామక్కల్ దగ్గర కొల్లి కొండల్లో ఊళ్లలోనే చిన్న మిల్లులు పెట్టాక, రోకలి దంచే శ్రమ తగ్గి, మానేసిన సామలు మళ్లీ వేసినవారున్నారు.

ఒక హెచ్చరిక. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును ఎవరు పడితే వారు ప్యాకెట్టు మీద వేయకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. మైదానం బియ్యం తెచ్చి కాలజీరా అని అమ్మితే కేసు సంగతి తరువాత, ముందు ఆ పేరే చెడిపోతుంది.

భూమి చట్టం: మొదట చదవవలసిన విభాగం

పాత కొరాపుట్ నాలుగు జిల్లాలు పూర్తిగా, గజపతి కొంతమేర రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతాలు. ఇక్కడ గిరిజనుల భూమి బదిలీకి 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ వర్తిస్తుంది. అది 1956 అక్టోబరు 4 నుంచి అమల్లో ఉంది. మొదట అధికారి అనుమతితో అమ్మకానికి వీలుండేది. 2002 సెప్టెంబరు 4 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి అమ్మడం పూర్తిగా నిషిద్ధమైంది. 2023 నవంబరులో మంత్రివర్గం దీన్ని సడలించాలని నిర్ణయించి, నిరసనలు రాగానే ఆపేసింది. ఆంధ్ర వైపు 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అంటే మనం 1/70 అనేది, ఇలాంటిదే.

మనవాళ్లు తరచు చేసే ప్రయత్నాలు మూడు. గుమాస్తా పేరు మీద కొనడం, తెల్లకాగితం మీద దీర్ఘకాలం లీజు రాయించుకోవడం, అప్పు కింద భూమి పట్టుకోవడం. ఈ మూడూ చెల్లవు. షెడ్డు కట్టి యంత్రం బిగించాక సబ్ కలెక్టరు ఖాళీ చేయమంటే అడ్డుకునే కాగితం చేతిలో ఉండదు. అంతకంటే ముఖ్యంగా, ఆ భూమి మరొకరి బతుకు. దాన్ని కాపాడే చట్టం ఉండటం న్యాయమే అని మా సంఘం అభిప్రాయం.

చట్టబద్ధమైన దారులున్నాయి. ఒడిశా పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఇడ్కో వారి పారిశ్రామిక వాడల్లో ప్లాటు లేదా షెడ్డు కోసం దరఖాస్తు చేయవచ్చు. పట్టణంలో గిరిజనేతరుల పట్టా ఉన్న స్థలం అద్దెకు తీసుకోవచ్చు. కొనేటప్పుడు పట్టా ఇప్పుడు ఎవరి పేరున ఉందో చూస్తే చాలదు. 1956 అక్టోబరు నుంచి ఎవరెవరి చేతులు మారిందో తహశీల్ రికార్డులో చూడాలి. రికార్డు ఒడియాలో ఉంటుంది, చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. మరో దారి, భూమి జోలికే పోకుండా మహిళా సంఘాలతోనో రైతు ఉత్పత్తిదారుల సంస్థతోనో కొనుగోలు ఒప్పందం చేసుకోవడం. శుద్ధి పని వారి షెడ్డులో జరుగుతుంది, యంత్రం, ప్యాకింగు, మార్కెటు మీ బాధ్యత.

పెట్టుబడికి ఉపయోగపడే పథకాలు

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం: తయారీ యూనిట్‌కు రూ. 50 లక్షలు, సేవా యూనిట్‌కు రూ. 20 లక్షల వరకు ప్రాజెక్టుకు సబ్సిడీ లెక్క కడతారు. మామూలు దరఖాస్తుదారుకు గ్రామంలో 25 శాతం సబ్సిడీ, 10 శాతం సొంత వాటా. ప్రత్యేక వర్గానికి గ్రామంలో 35 శాతం సబ్సిడీ, 5 శాతం సొంత వాటా. 2022 మార్గదర్శకాల ప్రకారం ఆకాంక్ష జిల్లాలు కూడా ప్రత్యేక వర్గంలో ఉన్నాయి. కొరాపుట్, రాయగడ, గజపతి, నవరంగపూర్, మల్కన్‌గిరి ఆ జాబితాలోవే. ఈ సంగతి తెలియక తక్కువ సబ్సిడీకి దరఖాస్తు పెట్టకండి. యూనిట్ కొత్తదై ఉండాలి, కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. రూ. 10 లక్షలు దాటిన తయారీ ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల పథకం: 2020లో మొదలైంది. ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా రూ. 10 లక్షల సబ్సిడీ. ఉదాహరణకు రూ. 10 లక్షల చింతపండు యూనిట్ అనుకోండి. సొంత వాటా రూ. 1 లక్ష, బ్యాంకు రుణం రూ. 9 లక్షలు, అందులో రూ. 3.5 లక్షలకు సబ్సిడీ. అది చేతికి రాదు. బ్యాంకులో వేరుగా ఉండి, మూడేళ్లు ఖాతా సక్రమంగా నడిస్తే రుణంలో సర్దుతారు. వాయిదా ఆగితే సబ్సిడీ కూడా ఆగుతుంది. ప్రతి జిల్లాలో ఈ పథకానికి రిసోర్స్ పర్సన్ ఉంటారు, ప్రాజెక్టు రిపోర్టు తయారీకి వారు సాయం చేస్తారు. ఇంతకు ముందే నడుస్తున్న అప్పడాల, పచ్చళ్ల యూనిట్లను పెంచుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

వన్ ధన్ కేంద్రాలు: 2018లో మొదలైన ఈ పథకం గిరిజన సంఘాల కోసం. 20 మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మంది కలిసి ఒక కేంద్రం. ఒక్కో కేంద్రానికి రూ. 15 లక్షల వరకు సాయం ఉంటుంది. మనం కొనుగోలుదారులం కాగలం. శుద్ధి చేసిన చింతపండు, తేనె, అడ్డాకు విస్తళ్లకు విశాఖలో, బరంపురంలో మార్కెటు చూపించేవాడి కోసం ఆ కేంద్రాలు వెతుకుతూనే ఉంటాయి.

ముద్రా రుణం పరిమితిని, పాత రుణం సక్రమంగా తీర్చినవారికి, 2024లో రూ. 20 లక్షలకు పెంచారు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, దళారికి డబ్బు ఇవ్వకండి. మొదటి రెండు పథకాలకు 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు మంజూరు ఇచ్చారు కనుక, దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తాజా ఉత్తర్వు అడిగి చూసుకోండి.

గుమాస్తా ఉద్యోగంలో ఏళ్లు గడిపిన వారెవరైనా చెప్పే మాట: ఫైలు తిరిగి వచ్చేది పెద్ద కారణంతో కాదు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, సర్టిఫికెట్‌లో మరో స్పెల్లింగు. తెలుగు ఇంటిపేరు ముందు, ఒడియా పద్ధతిలో ఇంటిపేరు వెనుక. ఈ తేడా మన కుటుంబాలన్నిటికీ ఉంది. దరఖాస్తు పెట్టే ముందే పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్ని కాగితాల్లో ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి. ప్రతి దరఖాస్తుకూ రసీదు, తేదీ, నంబరు రాసి ఉంచుకోండి.

పర్యాటకం గురించి రెండు మాటలు

రాయగడ మజ్జిగౌరి అమ్మవారి గుడికి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం భక్తులు రావడం మనకు తెలుసు. 1,672 మీటర్ల దేవమాలి, గుప్తేశ్వరం గుహ, డుడుమ జలపాతం, మహేంద్రగిరి, జిరంగ్ బౌద్ధ మఠం ఉన్నాయి. అరకు వరకు వచ్చినవారిని మరో రోజు కొరాపుట్‌లో ఆపగలిగితే శుభ్రమైన గది, తెలుగు భోజనం, నమ్మకమైన బండి ఉన్న కుటుంబానికి జీవనం సాగుతుంది. అయితే గిరిజన గ్రామాలను బొమ్మల కొలువులా చూపించే వ్యాపారం వద్దు. సంతకు తీసుకెళ్లండి, సరుకు కొనిపించండి, అడగకుండా ఫొటోలు తీయనివ్వకండి.

మన వంతు

మన యువకులకు ఉన్న బలం చిన్నది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, కొందరికి కువి కూడా వస్తాయి. కొనే విశాఖకూ పండించే కొండకూ మధ్య నాలుగు భాషల్లో మాట్లాడగలిగిన మనిషిని జీతం ఇచ్చి తెచ్చుకోవాలంటే బయటి కంపెనీకి దొరకడు. తూకం, నాణ్యత, బాడుగ, పండగ ముందు ధర ఎలా కదులుతుందన్న లెక్క మూడు తరాలుగా మన ఇళ్లలో ఉంది.

అందుకే తెలుగు సంఘాలకు మూడు సూచనలు చేస్తున్నాం. ఒకటి, సంఘం హాలులో నెలకు ఒక ఆదివారం దరఖాస్తుల దినం పెట్టండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు మనలో చాలామంది ఉన్నారు. రికార్డు చదివి చెప్పడానికి, రిపోర్టు రాయడానికి వారిని కూర్చోబెట్టండి. గిరిజన, ఒడియా యువకులకు కూడా తలుపు తెరిచే ఉంచండి. రెండు, షాపు మూసేద్దామనుకుంటున్న కుటుంబాల వివరాలు సంఘం దగ్గర ఉంచండి. సరుకు వ్యాపారం తెలిసిన పెద్ద ఒకరు, నేర్చుకోవాలనుకున్న కుర్రాడు ఒకడు కలిస్తే ఆ షట్టరు మళ్లీ లేవవచ్చు. మూడు, మన సభ్యుల్లో ఎవరు గిరిజనుల దగ్గర సరుకు కొన్నా, ఎలక్ట్రానిక్ కాటా, ధర రాసిన పలక, అదే రోజు చెల్లింపు ఉండాలని సంఘం తీర్మానం చేయాలి.

మూడో సూచన చిన్నదిగా కనిపించవచ్చు. కానీ కాటా నిక్కచ్చిగా ఉంటే ఏరిన పండు వస్తుంది, ఏరిన పండు వస్తే మంచి ధర వస్తుంది, మంచి ధర వస్తే యూనిట్ నడుస్తుంది, యూనిట్ నడిస్తే మన పిల్లల్లో ఒకరిద్దరైనా ఇక్కడ ఆగుతారు. ఈ జిల్లాల్లో ఏ సంఘమైనా దరఖాస్తుల దినం మొదలుపెడితే మాకు తెలియజేయండి. తేదీ, స్థలం ఇక్కడే ప్రకటిస్తాం.